రాబర్ట్ మాంట్‌గమరీ డైరెక్షన్‌ని ఏ వరుసలో చూడాలంటే

షార్ట్ ఫిల్మ్ తీస్తాం, కెమెరా మీరే పట్టుకోవాలి అంటూ నా దగ్గరకొచ్చే కుర్రాళ్ళకి ముందు ఈ హోంవర్కే ఇస్తాను. మాంట్‌గమరీ 1930ల్లో హాలీవుడ్ స్టూడియో ఎమ్‌జీఎమ్‌లో హీరో. సూటు వేసుకుని హీరోయిన్లతో సరసాలాడే పాత్రలే ఎక్కువ. అలాంటివాడు కెమెరా వెనక్కి వెళ్ళి ఏం చేశాడో చూడాలి.

1945 నాటి 'దే వర్ ఎక్స్‌పెండబుల్'తో మొదలెట్టండి. డైరెక్టర్ జాన్ ఫోర్డ్ కాలు విరిగితే కొన్ని సీన్లు ఈయనే తీశాడు, టైటిల్స్‌లో పేరు పడలేదు. ఎవరు తీసింది ఏదని వెతుకుతూ కూర్చోకండి. ఒకసారి చూసి వదిలేయండి.

అసలు పాఠం 1947లో వచ్చిన 'లేడీ ఇన్ ది లేక్'. డిటెక్టివ్ మార్లో పాత్ర మాంట్‌గమరీదే, కానీ కథ నడుస్తున్నంతసేపూ మనకి కనపడడు. కెమెరాయే అతని కళ్ళు. అద్దంలో పడితే మొహం, లేదంటే ఫ్రేములోకొచ్చే చెయ్యి, సిగరెట్ పొగ, అంతే. మధ్యమధ్యలో మాత్రం ఆఫీసు టేబుల్ దగ్గర కూర్చుని మనతో మాట్లాడతాడు. కథ తికమకగా ఉంటే ఉండనివ్వండి. మీ చూపు హీరోయిన్ ఆడ్రీ టాటర్ కళ్ళ మీద పెట్టండి. ఎదుటి నటుడు లేకుండా నేరుగా లెన్స్‌లోకి చూస్తూ కోపం, వలపు రెండూ పలికించాలి పాపం. కాసేపటికి మీకే ఇబ్బందిగా అనిపిస్తుంది. ఎక్కడ అలా అనిపించిందో అక్కడ ఆపి టైమ్ రాసుకోండి. కారు ప్రమాదం తర్వాత మార్లో పాక్కుంటూ టెలిఫోన్ బూత్ దాకా వెళ్ళే సీన్‌లో మాత్రం ఈ పద్ధతి బ్రహ్మాండంగా పండింది. అది రెండుసార్లు చూడాల్సిందే.

అదే ఏడాది వచ్చిన 'రైడ్ ది పింక్ హార్స్' మర్నాడు చూడండి, వెంటనే వద్దు. మొదట్లో బస్ స్టేషన్ సీన్ ఉంది కదా, దాన్ని సౌండ్ తీసేసి చూడండి. హీరో బస్సు దిగుతాడు, పిస్తోలు నడుముకి దోపుకుంటాడు, చెక్కు లాకర్‌లో పెడతాడు, నములుతున్న చూయింగ్ గమ్‌తో తాళంచెవిని గోడమీది మ్యాప్ వెనక అంటిస్తాడు. షాట్ తెగదు. కెమెరా పక్కనే నడుస్తూ అతను చేసేది చూస్తుంది, అంతే. ముందు సినిమాలో చూపించుకున్న గొప్పలు ఇక్కడ లేవు. నా ఓటు దీనికే.

ఈ సినిమాలోనే రంగులరాట్నం నడిపే పాంచోగా థామస్ గోమెజ్‌కి ఆస్కార్ నామినేషన్ వచ్చింది. పిల్లలు గుర్రాల మీద తిరుగుతుండగా రౌడీలు అతన్ని కొట్టే సీన్ దగ్గర ఆపండి. కెమెరా ఎక్కడ పెట్టారో, పిల్లలు ఎటు చూస్తున్నారో కాగితం మీద గీసి తీసుకురండి. మీ షూటింగ్ డేట్ల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.