‘డాగ్ డేస్’ను తెలుగులోకి తెచ్చే విధానం

ఇంగ్లిష్ పాఠంలో నడివేసవి మండుటెండల రోజులను చెప్పే ‘డాగ్ డేస్’ గానీ, దాని పాత రూపమైన ‘కెనిక్యులర్ డేస్’ గానీ ఎదురైనప్పుడు కుక్కల రోజులని రాసేయకుండా, ముందు ఆ పేరు పుట్టుక తెలుసుకోవాలి. లాటిన్‌లో కానిక్యులా అంటే చిన్న కుక్క. రోమన్లు సిరియస్ నక్షత్రాన్ని అలా పిలిచారు. సూర్యకాంతిలో కొన్ని వారాలు కనుమరుగై, నడివేసవిలో సూర్యోదయానికి కాస్త ముందు మళ్లీ పొడిచే ఆ నక్షత్రం తన వేడిని కూడా సూర్యుడికి జత చేస్తుందని వారు నమ్మారు. 8.6 కాంతి సంవత్సరాల దూరం నుంచి ఆ వేడి మనల్ని చేరదు గానీ, పేరు మాత్రం నిలిచిపోయింది. గ్రీకుల కథలో సిరియస్ వేటగాడి కుక్క అయితే, మనవారికి అదే మృగశిరను తరిమే వేటగాడు మృగవ్యాధుడు, అంటే లుబ్ధకుడు. ఈ పోలిక అనువాదకుడికి పెద్ద ఆసరా.

తరువాత తేదీలు చూడాలి. కొన్ని ఇంగ్లిష్ పంచాంగాలు జులై 3 నుంచి ఆగస్టు 11 వరకు 40 రోజులను ఈ పేరుతో లెక్కిస్తాయి. ఆ రోజుల్లో నల్లగొండ, పాలమూరు చెలకల్లో పునర్వసు, పుష్యమి, ఆశ్లేష కార్తెల వానల కోసం ఎదురుచూస్తూ పత్తిలో కలుపు తీస్తుంటారు. మనకు రోళ్లు పగిలే ఎండలు మే 25 ప్రాంతంలో మొదలయ్యే రోహిణి కార్తెవి. జూన్ 8 దగ్గర మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చాక గానీ ఊరట దొరకదు. అందువల్ల జులై నెల చెబుతూ ఎండలని మాత్రమే రాస్తే, ఇక్కడి పాఠకుడు కరువు సంవత్సరమనుకుంటాడు.

కథ రోమ్‌లోనో లండన్‌లోనో జరుగుతుంటే రోహిణి కార్తెను అక్కడికి మోసుకుపోకూడదు. మొదటిసారి ‘లుబ్ధక నక్షత్రం పొడిచే నడివేసవి’ అని విడమరిచి, ఆపైన ‘లుబ్ధకపు ఎండలు’ అంటే చాలు. దేవరకొండ మనిషి మే నెల గురించి ఇంగ్లిష్‌లో ఆ మాట వాడితే మాత్రం నిస్సంకోచంగా ‘రోహిణి ఎండలు’ అనాలి. వ్యాపారం సాగని కాలమనే అర్థంలో వచ్చినప్పుడు ‘మందకొడి రోజులు’ సరిపోతుంది.

రాసిన వాక్యాన్ని కార్తెలు లెక్కపెట్టి విత్తనం వేసే పెద్దమనిషికి చదివి వినిపించి, ఇది ఏ నెల మాట అని అడగాలి. ఆయన చెప్పిన నెల మూలంలోని నెలతో కలవకపోతే వాక్యాన్ని మళ్లీ రాయాలి.