వాగు చుట్టుముట్టకముందే రాసుకోవాల్సిన కాగితం

2023 జులైల మా ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది. ఆ వారం మా బడిల పిల్లలకు బదులు వాగు అవతలి ఊరోళ్ళు ఉన్నరు. హెడ్మాస్టర్‌ని కాబట్టి తాళంచెవి నా దగ్గరుంది. పేర్ల జాబితా మాత్రం ఎవరి దగ్గరా లేదు.

వాగులు పొంగితే మన ఊళ్ళు కూడా దీవులే. అందుకే దీవుల దేశాలు ఏం చేసినయో వెతికి చదివిన. 2017ల పసిఫిక్ సముద్రంలున్న వనువాటు దేశంలోని అంబే దీవిల అగ్నిపర్వతం రాజుకుంటే, దాదాపు 11 వేల మందిని, అంటే దీవి మొత్తాన్ని, పక్క దీవులకు తరలించిన్రు. కొన్ని వారాలకు తిరిగొచ్చిన్రు. 2018ల మళ్ళీ బూడిద, మళ్ళీ తరలింపు. ఆ ఏడే ఆ ప్రభుత్వం ఇట్ల ఇల్లు విడిచేటోళ్ళ కోసం జాతీయ విధానం తెచ్చింది. ఆశ్రయమిచ్చే ఊరిని, తిరిగిపోవుడును కూడా అందుల లెక్కగట్టిన్రు.

వరదొస్తే జనాన్ని తరలించే మీ పంచాయతీ ప్లాన్ కూడా ఆశ్రయమిచ్చే ఊరి నుంచే మొదలువెట్టుండ్రి. ఏ వాడ ఏ ఊరికి పోతదో ఆ ఊరి పెద్దమనుషులతో ముందే మాట్లాడుండ్రి. ముఖ్యంగా నీళ్ళ సంగతి. మూడో రోజుకు మా బోరు కాడ బిందెల లొల్లి అయింది. తప్పు ఎవరిదీ కాదు, రెండు ఊళ్ళకు ఒక్క బోరు సరిపోలేదు. ట్యాంకర్ ఎవరు పంపాలె, డీజిల్ పైసలు ఎవరియ్యాలె, కాగితం మీద ఉండాలె.

తర్వాత ఇంటింటి జాబితా: నడవలేనోళ్ళు, నెలలు నిండినోళ్ళు, బీపీ గోలీలు మింగేటోళ్ళు. బర్లకు చోటు చూపియ్యకుంటే ముసలోళ్ళు ఇల్లు కదలరు.

కాగితాల సంగతి మర్చిపోవద్దు. ఒక అవ్వ పట్టాదారు పాస్‌బుక్ నానిపోయి పేజీలు అతుక్కున్నయ్. చీపురు పుల్లతో ఒక్కొక్క పేజీ విడదీసుకుంట, ఫ్యాన్ కింద సాయంత్రం దాకా కూసున్నది. ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ కవరు ఇయ్యుండ్రి. ఆధార్, పాస్‌బుక్ జిరాక్సులు పంచాయతీలో వేరే ఉంచుండ్రి.

తిరిగిపోయే ముందు లైన్‌మన్ వచ్చి ఇంటింటి మీటరు చూడాలె, బావులల్ల బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలె. ఎవరు వచ్చి చూస్తరో వాళ్ళ ఫోన్ నంబర్ రాసుకోండ్రి.

జాబితాను ఏటా మృగశిర కార్తెకు ముందే గ్రామసభల పైకి చదవాలె. మొన్న మేం చదువుతుంటే వెనుక నుంచి ఒకామె లేచి, "సారూ, మా అత్త ఇప్పుడు నడుస్తలేదు, ఆమె పేరు గీ జాబితాల రాయుండ్రి" అన్నది.