మాస్టర్స్ గోల్ఫ్ టికెట్: అగస్టా లాటరీకి దరఖాస్తు విధానం

ఏటా అమెరికాలోని అగస్టాలో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ మాస్టర్స్. అందులో ఆడటానికి దరఖాస్తు ఫారం అంటూ ఏదీ లేదు. అమెరికాలోనే జరిగే మరో పెద్ద పోటీ యూఎస్ ఓపెన్‌కైతే తగిన హ్యాండిక్యాప్ (ఆట స్థాయిని చెప్పే అంకె) ఉన్న అమెచ్యూర్ కూడా ఫీజు కట్టి క్వాలిఫయింగ్ రౌండ్‌కు వెళ్లొచ్చు. మాస్టర్స్‌లో ఆ వీలు లేదు. జార్జియా రాష్ట్రంలోని అగస్టా నేషనల్ గోల్ఫ్ క్లబ్ ఆహ్వానం పంపితేనే ఆడాలి. మనలాంటివాళ్లు దరఖాస్తు పెట్టుకోగలిగింది చూడటానికి మాత్రమే. అదీ లాటరీలో. తిరుమల ఆర్జిత సేవలకు లక్కీ డిప్‌లో పేరు నమోదు చేసుకున్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తగా అనిపించదు: ముందు పేరు ఇవ్వాలి, డ్రాలో వస్తేనే డబ్బు కట్టాలి, గడువులోగా కట్టకపోతే వచ్చిన అవకాశం పోతుంది.

ముందుగా ఒక భ్రమ తొలగించుకోవాలి. పోటీ జరిగే నాలుగు రోజులకూ కలిపి ఇచ్చే సిరీస్ బ్యాడ్జి కొత్తవాళ్లకు దొరకదు. ఆ బ్యాడ్జి కొనే హక్కున్న పాత ప్రేక్షకుల జాబితా 1972లోనే నిండిపోయింది. అప్పుడు మొదలుపెట్టిన వెయిటింగ్ లిస్టును కూడా 1978లో మూసేశారు. 2000లో కొద్దికాలం తెరిచి మళ్లీ మూసేశారు. కాబట్టి 'సిరీస్ బ్యాడ్జి ఇప్పిస్తాం' అని ఎవరైనా అంటే అది ఇంకొకరి బ్యాడ్జే. అలా కొనడం ఎందుకు ప్రమాదమో కింద చెబుతాను. మిగిలిన దారి రోజువారీ టికెట్లు. ప్రాక్టీస్ రోజుల టికెట్లను 1995 నుంచి లాటరీలో ఇస్తున్నారు. పోటీ రోజుల టికెట్లలో కొన్నింటిని 2012 టోర్నమెంట్ నుంచి ఇదే పద్ధతిలోకి తెచ్చారు.

దరఖాస్తు ఎప్పుడు, ఎలా

టోర్నమెంట్ ఏప్రిల్‌లో జరుగుతుంది. దరఖాస్తు మాత్రం అంతకు ముందు ఏడాది జూన్‌లోనే పెట్టాలి. కొన్నేళ్లుగా జూన్ 1 నుంచి 20 వరకు గడువు ఇస్తున్నారు. చాలామంది చేజార్చుకునేది ఇక్కడే. ఏప్రిల్‌లో టీవీలో చూసి ఉత్సాహం వచ్చి వెతికేసరికి ఆ ఏడాది డ్రా అయిపోయి తొమ్మిది నెలలవుతుంది. ఫోన్ క్యాలెండర్‌లో జూన్ 1కి రిమైండర్ పెట్టుకోండి, ఏటా వచ్చేలా.

దరఖాస్తు మాస్టర్స్ సొంత వెబ్‌సైటులోని టికెట్ల విభాగంలో మాత్రమే ఉంటుంది. ఏజెంట్లు లేరు, దరఖాస్తుకు ఫీజు లేదు. వయసు 21 నిండి ఉండాలి. మొదటిసారి అయితే ఖాతా తెరవాలి. పేరును పాస్‌పోర్టులోనో డ్రైవింగ్ లైసెన్సులోనో ఉన్నట్టే రాయండి. మన ఇంటి పేర్లతో ఇక్కడ చిక్కు వస్తుంది. ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి ఇంటి పేరు ఉంటే అన్నిచోట్లా ఒకేలా వాడండి. చిరునామా నిజంగా మీరు ఉంటున్నదే ఇవ్వండి. ఒక మనిషికి ఒకే దరఖాస్తు. రెండు మూడు ఈమెయిళ్లతో ఖాతాలు తెరిచి అవకాశం పెంచుకుందామనుకుంటే ఉన్నది కూడా పోతుంది.

తర్వాత రోజులు ఎంచుకోవాలి. సోమ, మంగళ, బుధవారాలు ప్రాక్టీస్. గురువారం నుంచి ఆదివారం దాకా అసలు పోటీ. ప్రాక్టీస్ రోజుకు నాలుగు టికెట్ల వరకు, పోటీ రోజుకు రెండు టికెట్ల వరకు అడగొచ్చు. ఏడు రోజులకూ టిక్ పెట్టొచ్చు గానీ డ్రాలో పేరు వస్తే ఒక్క రోజుకే వస్తుంది. 2025లో ప్రాక్టీస్ రోజు టికెట్ 100 డాలర్లు, పోటీ రోజు టికెట్ 140 డాలర్లు. ధరలు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేటప్పుడు సైటులో ఉన్నదే లెక్క.

ఫలితం జులైలో ఈమెయిల్‌కు వస్తుంది. రాకపోయినా 'ఈసారి ఎంపిక కాలేదు' అని మర్యాదగా రాస్తారు. ఎక్కువమందికి వచ్చేది ఆ మెయిలే. స్పామ్ ఫోల్డర్ కూడా చూసుకోండి. ఎంపికైతే గడువు తేదీ లోపు ఖాతాలోకి వెళ్లి కార్డుతో డబ్బు కట్టాలి. ఇండియా కార్డు అయితే అంతర్జాతీయ లావాదేవీలు ముందే ఆన్ చేసి పెట్టుకోండి. చివరి రోజు రాత్రి ఓటీపీ రాక టెన్షన్ పడటం ఎందుకు?

ఏ రోజు అడగాలి

అందరూ ఆదివారమే కావాలంటారు. నన్నడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకు ప్రాక్టీస్ రోజే మేలు. టికెట్లు నాలుగు దొరుకుతాయి, కుటుంబంతో వెళ్లొచ్చు. కెమెరా కూడా ఆ మూడు రోజులే తీసుకెళ్లనిస్తారు. ఆటగాళ్లు నవ్వుతూ తిరుగుతుంటారు. 16వ హోల్ (మైదానంలోని ఒక్కో ఆట భాగాన్నీ, దాని చివర ఉండే గుంతనూ హోల్ అంటారు) దగ్గర చెరువు మీదుగా బంతిని నీళ్లపై గెంతిస్తూ గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదికి కొట్టమని జనం కేకలు వేస్తారు. 2009లో విజయ్ సింగ్ అలా కొట్టిన బంతి నీళ్లపై ఎగిరి నేరుగా హోల్‌లోనే పడింది. ఇలాంటి సరదా పోటీ రోజుల్లో ఉండదు.

బుధవారం పార్-3 పోటీ (మూడు దెబ్బల్లో ముగించాల్సిన పొట్టి హోల్స్ మీద ఆడే సరదా పోటీ) జరుగుతుంది. 1960లో మొదలైంది. ఆటగాళ్ల పిల్లలు తెల్లటి ఓవరాల్స్ వేసుకుని నాన్నల వెనక బుడిబుడి అడుగులతో నడుస్తుంటారు. 2025 వరకు చూస్తే ఇందులో గెలిచినవాళ్లెవరూ అదే వారం అసలు టైటిల్ గెలవలేదు. అందుకే కొందరు ఆటగాళ్లు కావాలనే గెలవకుండా చూసుకుంటారని సరదాగా అంటుంటారు. పాత చాంపియన్లను దగ్గరగా చూడాలంటే ఇదే రోజు.

ఎవరిని, ఏం చూడటానికి వెళ్తున్నాం

అగస్టా నేషనల్ ఒకప్పుడు ఫ్రూట్‌ల్యాండ్ అనే నర్సరీ. ఆ నేల మీద గోల్ఫ్ దిగ్గజం బాబీ జోన్స్, పెట్టుబడుల వ్యాపారి క్లిఫర్డ్ రాబర్ట్స్ క్లబ్ పెట్టారు. కోర్సు రూపకల్పనలో జోన్స్‌తో కలిసి పనిచేసింది ఆలిస్టర్ మెకంజీ. ప్రతి హోల్‌కూ ఒక మొక్క పేరు పెట్టడంలో ఆ నర్సరీ గుర్తు ఇప్పటికీ మిగిలి ఉంది. మొదటి పోటీ 1934లో జరిగింది, హోర్టన్ స్మిత్ గెలిచాడు. 'మాస్టర్స్' అన్న పేరు అధికారికంగా 1939లో వచ్చింది. పోటీకి పేరు తెచ్చింది మాత్రం రెండో ఏడాదే. 1935 చివరి రోజున జీన్ సారజెన్ 15వ హోల్‌లో రెండో దెబ్బకే బంతిని గుంతలో వేశాడు. మామూలుగా ఐదు దెబ్బల్లో ముగించాల్సిన హోల్ అది. ఆ ఒక్క దెబ్బతో ఆధిక్యంలో ఉన్న క్రెయిగ్ వుడ్‌ను అందుకుని, ప్లేఆఫ్‌లో (సమమైనప్పుడు విజేతను తేల్చే అదనపు ఆటలో) గెలిచాడు. యుద్ధం వల్ల 1943 నుంచి 45 వరకు పోటీలు లేవు. అప్పుడు ఆ మైదానంలో పశువులను, టర్కీ కోళ్లను పెంచారు.

గెలిచినవాడికి ఆకుపచ్చ కోటు తొడగడం 1949లో శామ్ స్నీడ్‌తో మొదలైంది. ఎక్కువసార్లు తొడుక్కున్నది జాక్ నిక్లాస్: ఆరుసార్లు. చివరిది 1986లో, 46 ఏళ్ల వయసులో. ఆర్నాల్డ్ పామర్ నాలుగుసార్లు గెలిచాడు. 1961లో దక్షిణాఫ్రికా ఆటగాడు గ్యారీ ప్లేయర్ గెలిచేదాకా విదేశీయులెవరికీ ఆ కోటు దక్కలేదు.

ఈ క్లబ్ చరిత్రలో గర్వపడాల్సినవే ఉన్నాయని చెబితే అబద్ధం అవుతుంది. నల్లజాతి ఆటగాడు లీ ఎల్డర్ ఇక్కడ ఆడగలిగింది 1975లో. నల్లజాతి సభ్యుణ్ని తీసుకున్నది 1990లో. మహిళలకు సభ్యత్వం 2012లో. ఈ తేదీలు తెలిస్తేనే 1997 విలువ అర్థమవుతుంది. ఆ ఏడాది 21 ఏళ్ల టైగర్ వుడ్స్ 12 దెబ్బల తేడాతో గెలిచాడు. ఆ తర్వాత 2001, 2002, 2005ల్లో, నడుం ఆపరేషన్ల తర్వాత 2019లో మళ్లీ గెలిచాడు.

2020లో కోవిడ్ వల్ల పోటీ నవంబరుకు మారింది. ప్రేక్షకులే లేని మైదానంలో డస్టిన్ జాన్సన్ 20 అండర్ పార్‌తో (నిర్దేశిత దెబ్బల కంటే 20 తక్కువతో) రికార్డు పెట్టాడు. 2021లో హిదెకీ మత్సుయామా జపాన్‌కు పురుషుల గోల్ఫ్‌లో తొలి మేజర్ (గోల్ఫ్‌లోని నాలుగు అతిపెద్ద పోటీల్లో ఒకటి) తెచ్చాడు. స్కాటీ షెఫ్లర్ 2022, 2024ల్లో, జాన్ రామ్ 2023లో గెలిచారు. 2025లో రోరీ మెక్‌ఇల్‌రాయ్ జస్టిన్ రోజ్‌ను ప్లేఆఫ్‌లో ఓడించి నాలుగు మేజర్లూ గెలిచిన ఆరో ఆటగాడయ్యాడు. 2011లో చివరి రోజు నాలుగు దెబ్బల ఆధిక్యంతో మొదలుపెట్టి ఆ రౌండ్‌కు 80 దెబ్బలు తీసుకుని కుప్పకూలినవాడూ ఇతనే.

మనవాళ్ల సంగతి. భారతీయ మూలాలున్న ఫిజీ ఆటగాడు విజయ్ సింగ్ 2000లో గెలిచాడు. భారత్ తరఫున మొదట ఆడింది జీవ్ మిల్ఖా సింగ్, 2007లో. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన కుటుంబంలో పుట్టిన సాహిత్ తీగల 2023లో తొలిసారి ఆడి తొమ్మిదో స్థానంలో సమంగా నిలిచాడు. ఆఖరి రోజు 16వ హోల్‌లో గ్రీన్ బయటి నుంచి అతను చిప్ చేసిన (మెల్లగా ఎత్తి కొట్టిన) బంతి వాలు వెంట తిరిగి వచ్చి గుంతలో పడినప్పుడు మన ఇళ్లలోనూ కేకలు వినిపించాయి.

డ్రాలో రాకపోతే, వస్తే

రాకపోతే బయట కొనాలన్న ఆలోచన వస్తుంది. టికెట్లు అమ్మే హక్కు టోర్నమెంటుకు మాత్రమే ఉందని క్లబ్ స్పష్టంగా చెబుతుంది. వేరేచోట కొన్న టికెట్‌ను గేటు దగ్గర రద్దు చేసే అవకాశం ఉంది. మీకు వచ్చిన టికెట్లను ఎవరికైనా ఇచ్చి, వాళ్లు అమ్ముకుంటే మాట పడేది మీరే, ఇకపై దరఖాస్తు హక్కు పోయేదీ మీకే. స్నేహితుడి స్నేహితుడికి అసలే ఇవ్వొద్దు.

ఇండియా నుంచి వెళ్లేవాళ్లు వీసా సంగతి ముందు చూసుకోవాలి. టికెట్ ఉందని విజిటర్ వీసా ఇవ్వరు. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే నెలలు పట్టొచ్చు. చేతిలో చెల్లుబాటయ్యే వీసా ఉన్నవాళ్లో, అక్కడే పనిచేస్తున్న పిల్లలో దరఖాస్తు పెడితే అర్థం ఉంటుంది. అట్లాంటా చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు అగస్టా ఐ-20 హైవే మీద కారులో రెండు గంటల పైచిలుకు దూరం. ఆ వారం అగస్టాలో హోటల్ గదుల ధరలు ఆకాశంలో ఉంటాయి. తెల్లవారుజామున బయల్దేరి రాత్రికి తిరిగి రావడం నయం. పార్కింగ్ ఉచితం.

లోపల తిండి చవక. పిమెంటో చీజ్ శాండ్‌విచ్ 2025లో ఒకటిన్నర డాలరు, అందులో మాంసం ఉండదు. పరుగెత్తకూడదు, మెల్లగా నడవాలి. మొబైల్ ఫోన్ ఏ రోజూ లోపలికి రానివ్వరు, కారులోనే వదిలేయాలి. ఎవరికైనా ఫోన్ చేయాల్సి వస్తే మైదానంలో ఉచిత ఫోన్లు ఉంటాయి. కాబట్టి నాలుగు నంబర్లు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తుంటే తప్పిపోయినప్పుడు ఏ హోల్ దగ్గర కలుసుకోవాలో గేటు దాటకముందే అనుకోండి.