డల్లాస్ టికెట్ మీద టైము రెండుసార్లు చదవండి

ఎండాకాలం వచ్చిందంటే మా కూకట్‌పల్లిలో ఎవరో ఒకరి అమ్మానాన్న అమెరికా ప్రయాణంలో ఉంటారు. సూట్‌కేసు 23 కిలోలు దాటిందేమోనని పదిసార్లు తూస్తారు గానీ టికెట్ మీద టైము మాత్రం సరిగ్గా చూడరు.

మా పెద్దమ్మ వాళ్లదీ అదే కథ. టికెట్ మీద బుధవారం 02:10 అని ఉంది. మనకు తెల్లారితే గానీ రోజు మారినట్టు కాదు కదా, బుధవారం పగలంతా చుట్టాలకు ఫోన్లు చేసుకుని, పెరుగన్నం తిని, రాత్రి పదకొండుకు శంషాబాద్ చేరారు. గేటు దగ్గరే సెక్యూరిటీ అతను టికెట్ చూసి, "సార్, ఇది పొద్దున రెండింటికే వెళ్లిపోయింది" అన్నాడు. అలాంటి టికెట్ ఉంటే క్యాలెండర్‌లో మంగళవారం గడిలోనే "రాత్రి పదింటికల్లా ఎయిర్‌పోర్ట్" అని పెన్నుతో రాసేయండి.

ఇక దూరం. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి నేరుగా గీత గీస్తే దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే మొదట 2,550, తర్వాత 12,900. మొదటిది నాలుగు గంటలు, రెండోది పదహారు. తెల్లవారుజామున 4:20కి ఎక్కి, దుబాయ్‌లో మూడు గంటలు ఆగితే డల్లాస్‌లో అదే రోజు సాయంత్రం 4:50కి దిగుతారు. పన్నెండున్నర గంటలేగా అనిపిస్తుంది, కానీ ఎండాకాలంలో అక్కడి గడియారం మనకంటే పదిన్నర గంటలు వెనక, అంటే వాళ్లు దారిలో ఉండేది 23 గంటలు.

షుగర్, బీపీ ఉన్నవాళ్లకు ఈ తేడాతోనే చిక్కు. "రాత్రి మాత్ర" అంటే ఏ ఊరి రాత్రి? ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో డాక్టర్‌ని ముందే అడిగి చీటీ మీద రాయించుకోండి. ఇన్సులిన్‌ని చేతి బ్యాగ్‌లోనే పెట్టాలి, కింద లగేజీలో వేస్తే చలికి గడ్డకట్టి పాడైపోవచ్చు. పవర్ బ్యాంక్ కూడా చేతి బ్యాగ్‌లోనే. ఆవకాయ మాత్రం లగేజీలోకి పోవాలి, నూనె ఊరే సీసాని సెక్యూరిటీ వాళ్లు ద్రవం కిందే లెక్కేస్తారు. పదహారు గంటలు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి గంటా రెండు గంటలకోసారి లేచి నడవమనండి, పక్కవాళ్లు ఏమనుకుంటారోనని మొహమాటపడతారు, ముందే గట్టిగా చెప్పండి. మోకాళ్ల నొప్పులుంటే వీల్‌చెయిర్ టికెట్‌తోపాటే అడగండి.

రెండు ఫ్లైట్లూ ఒకే పీఎన్ఆర్ మీద ఉండాలి. వేరువేరుగా కొంటే చౌకే గానీ, మొదటిది లేటైతే రెండోవాళ్లకు సంబంధం లేదు.

తిరుగు ప్రయాణంలో తేదీ ఇంకో మెలిక పెడుతుంది. డల్లాస్‌లో శనివారం సాయంత్రం ఎక్కితే ఇక్కడ దిగేది సోమవారం తెల్లవారుజామున. క్యాబ్ చెప్పేటప్పుడు ఆదివారం రాత్రికి చెప్పండి.