చివరి కాఫీ మధ్యాహ్నం రెండింటికే

ఫిన్లాండ్‌లో 1409 మందిని సగటున 21 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించారు. నడివయసులో రోజుకు 3 నుంచి 5 కప్పుల కాఫీ తాగినవాళ్లలో అల్జీమర్స్, ఇతర మతిమరుపు జబ్బుల ముప్పు దాదాపు 65 శాతం తక్కువగా కనిపించింది. ఆ ఫలితాలు 2009లో వచ్చాయి. అలాగని కాఫీ మందేం కాదు, మేలు చేసింది అదేనని తేలలేదు కూడా.

తాగే అలవాటుంటే టైం చూసుకోండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి గ్లాసెడు చిక్కటి ఫిల్టర్ కాఫీ తాగితే, రాత్రి పదకొండింటికి సగం అలాగే ఉంటుంది. ఇక నిద్రెక్కడిది? నిద్ర చెడితే మెదడుకే నష్టం. మా ఇంట్లో రెండు దాటితే డికాక్షన్ తీయం. పంచదార కూడా అర చెంచాకు దించాం, షుగర్ జబ్బుతోనూ మతిమరుపు ముప్పు పెరుగుతుంది మరి.