బతుకమ్మ ఆట నేర్చుకుందాం – 3వ పాఠం: అడుగూ చప్పట్టూ

పోయిన పాఠంలో నిలబడిన చోటే చప్పట్లు కొట్టాం. ఈసారి అడుగు కలుపుదాం. ఇంట్లో నాయనమ్మనో అమ్మమ్మనో, ఒక పిల్లనో పిలవండి. ముగ్గురుంటే చాలు. బతుకమ్మ బదులు మధ్యలో నీళ్ల చెంబు పెట్టుకోండి.

లెక్క నాలుగు. ఒకటికి కుడికాలు పక్కకు. రెండుకు ఎడమకాలు తెచ్చి దాని పక్కన చేర్చాలి. మూడుకు కొంచెం వంగి చప్పట్టు. నాలుగుకు లేచి ఇంకో చప్పట్టు. మీ వాడలో మూడు చప్పట్లు కొడితే, ఎడమవైపు తిరిగితే, అదే నేర్చుకోండి.

వంగడం దగ్గర జాగ్రత్త. పిల్లలు నేలకు తల ఆనేంత వంగుతారు, వంగనివ్వండి. పెద్దవాళ్లు గబుక్కున వంగి లేస్తే కళ్లు తిరుగుతాయి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లకు మరీను. వాళ్ల చేతులు బొడ్డు ముందు కలిస్తే చాలు.

మొదటిసారి నేను ఫోన్‌లో పాట పెట్టి తప్పు చేశాను. రెండు చుట్లకే అత్తమ్మ వెనకబడింది. పాప చెయ్యి పట్టి లాగితే పడబోయింది. ఫోన్ కట్టేసి, చెంబు పక్కనే కుర్చీ వేసి, "మీరే పాడండి అత్తమ్మా" అన్నాను. ఆమె పాట ఎత్తుకుంటే మేం "ఉయ్యాలో" అన్నాం. ఊపిరి అందనప్పుడల్లా ఆమె వరుస చివర కాస్త సాగదీసేది. పాప ఒంటికాలి మీద ఆగి, "ఇంత మెల్లగనా నాయనమ్మా?" అని మొహం పెట్టింది. ఆగింది మాత్రం ఆగింది! స్పీకర్ బాక్సుకు ఈ పని చేతకాదు. అందుకే డీజే బతుకమ్మ అంటే నాకు గిట్టదు.

కుర్చీని తిరిగే దారిలో వేయకండి, అందరికీ అడ్డం. మధ్యలోనే ఉండాలి. మోకాళ్లు బాగున్న రోజు ఆమె లేచి రెండు చుట్లు తిరుగుతుంది, మీరు బలవంతపెట్టొద్దు.

రోజుకు పది నిమిషాలు ఆడండి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల్లో ఆరోది అలిగిన బతుకమ్మ, ఆ రోజు ఆట లేదు. మీరూ ఐదు రోజులు ఆడి ఆరో రోజు మానేయండి, మోకాళ్లకు సెలవు.

వచ్చే పాఠంలో జంట చప్పట్లు. ఈలోగా పిల్లకు ఒక పని: నాయనమ్మ దగ్గర కూర్చుని ఒక పాటలో పది వరుసలు, ఆమె పలికినట్టే రాసుకోవాలి.