ప్రోగ్రామింగ్ పజిల్ ఆటలు నేర్చుకుందాం - 3వ పాఠం: ఆట కొనడం, పాత సంఖ్యను దాచుకోవడం

కిందటి పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను. రెండు సంఖ్యలు వస్తాయి, వాటిలో పెద్దదాన్ని బయటకు పంపాలి. హ్యూమన్ రిసోర్స్ మెషీన్ అనే ఆటలో గుమస్తా చేతిలో ఒకసారికి ఒక్క సంఖ్యే పడుతుంది కాబట్టి ఇందులో ఒక చిక్కుంది. ఏది పెద్దదో తెలియాలంటే ఒకదాంట్లోంచి ఇంకోటి తీసివేయాలి. తీసివేయగానే చేతిలో తేడా మాత్రమే మిగులుతుంది, అసలు సంఖ్య పోతుంది. అందుకే తీసివేతకు ముందే రెండు సంఖ్యలనూ నేల మీది గళ్లలో పెట్టుకోవాలి. తేడా మైనస్‌లోకి వెళ్లిందో లేదో చూసి, కావలసిన గడిలోంచి సంఖ్యను మళ్లీ తెచ్చుకుని పంపాలి.

పోల్చగానే సంఖ్య పోతుందన్న ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఇవాళ దానితోనే పని. ఈసారి మాత్రం నేల మీద గళ్లు ఉండవు.

ఈ పాఠం నుంచి టీఐఎస్-100లోకి వెళ్తున్నాం. జాక్ బార్త్ స్టూడియో జాక్‌ట్రానిక్స్ 2015లో విడుదల చేసిన ఆట ఇది. ఇంకా కొననివాళ్ల కోసం ముందు కొనడం గురించి చెబుతాను, ఎందుకంటే ఈ రకం ఆటల విషయంలో ఎక్కడ కొన్నామన్నది చాలా ముఖ్యం.

కొన్నేళ్ల కిందట ఒక పజిల్ ఆటలో ఓ లెవెల్ దగ్గర ఆగిపోయాను. వారం రోజులు కుస్తీ పట్టి పక్కన పెట్టేశాను. ఏడాది తర్వాత ఉన్నట్టుండి ఒక ఉపాయం తట్టింది. ఎంతో ఉత్సాహంగా ఆట తెరిస్తే అది తెరుచుకోలేదు. తెరిచినప్పుడల్లా అమ్మినవాళ్ల సర్వర్‌ను అడిగి అనుమతి తెచ్చుకోవాలి, ఆ సర్వరేమో మూసేశారు. డబ్బు పోయినందుకు కన్నా, సగంలో ఉన్న నా ఆలోచన పోయినందుకు ఎక్కువ బాధ పడ్డాను. కష్టమైన పజిల్ ఒక్క పూటలో తేలేది కాదు. నెలల తర్వాత తిరిగొచ్చినా అది మనం వదిలిన చోటే ఉండాలి.

అలా అనుమతి అడిగే తాళాన్నే డీఆర్ఎం అంటారు. అది లేని ఆటను ఒక్కసారి డౌన్‌లోడ్ చేసి దాచుకుంటే చాలు. దుకాణం ఉన్నా లేకపోయినా, ఇంటర్నెట్ ఉన్నా లేకపోయినా నడుస్తుంది. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి అమలవుతున్న ఒక చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. డిజిటల్ సరుకు అమ్మేవాళ్లు తాము ఇస్తున్నది లైసెన్స్ (వాడుకునే అనుమతి) మాత్రమే అయితే ఆ మాట కొనేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. ఎప్పటికీ ఆఫ్‌లైన్‌లో వాడుకునేలా డౌన్‌లోడ్ చేసుకోనిచ్చే సరుకుకు ఆ నిబంధన వర్తించదు.

దుకాణాల్లో నేను ముందు చూసేది గాగ్. 2008లో పాత ఆటల అమ్మకంతో మొదలైంది. ఇప్పుడు కొత్త ఇండీ ఆటలు (చిన్న బృందాలు సొంతంగా చేసినవి) కూడా బోలెడు ఉన్నాయి, జాక్‌ట్రానిక్స్ ఆటలు చాలావరకు అక్కడ దొరుకుతాయి. కొన్నాక అక్కడ రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి గెలాక్సీ అనే వాళ్ల యాప్ ద్వారా ఇన్‌స్టాల్ చేసుకోవడం, రెండోది ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్. యాప్ వాడినా తప్పులేదు గానీ, కొన్న రోజే ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్ కూడా దించుకోండి. చాలామంది "తర్వాత చూద్దాంలే" అనుకుని వదిలేసేది సరిగ్గా ఇక్కడే. దించుకోకపోతే తాళం లేని ఆట కొన్నా ఫలితం ఉండదు. పెద్ద ఆటల ఇన్‌స్టాలర్ ముక్కలు ముక్కలుగా వస్తుంది, ముక్కలన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. టీఐఎస్-100 చాలా చిన్నది కాబట్టి ఆ ఇబ్బంది రాదు.

ఇచ్.ఐఓ అనే ఇంకో ఆన్‌లైన్ దుకాణంలో సాధారణంగా ఫైళ్లే నేరుగా ఇస్తారు. ఏ ఫైళ్లు వస్తాయో, అవి ఏ సిస్టమ్ కోసమో కొనేముందే ఆట పేజీలో చూసుకోవచ్చు. హంబుల్ అనే మరో దుకాణం పేరు తాళంలేని ఆటలతోనే పెరిగింది. 2010 మేలో వచ్చిన వాళ్ల మొదటి బండిల్‌లోని (కలిపి అమ్మిన కట్టలోని) ఆటలకు డీఆర్ఎం లేదు, కొనేవాళ్లే ధర నిర్ణయించుకున్నారు. ఇప్పుడు మాత్రం అక్కడ ఎక్కువగా స్టీమ్ కీలే, అంటే స్టీమ్ అనే దుకాణంలో ఆటను తెచ్చుకునే కోడ్‌లే, అమ్ముతున్నారు. పాత పేరు చూసి కొనకుండా ఏమిస్తున్నారో చదవండి. స్టీమ్‌లో కూడా కొన్ని ఆటలకు తాళం ఉండదు, ఫోల్డర్ కాపీ చేసుకుంటే స్టీమ్ యాప్ లేకుండానే నడుస్తాయి. ఏ ఆట ఆ కోవలోదో కొనేముందు తెలుసుకోవడమే కష్టం.

టీఐఎస్-100కి సంబంధించి ఇంకో రెండు మాటలు. దీనితో పాటు ఒక పీడీఎఫ్ మాన్యువల్ వస్తుంది. ఆటలో విడిగా పాఠాలు ఉండవు, మాన్యువలే గురువు. దాన్ని ప్రింట్ తీసి పక్కన పెట్టుకోండి. తర్వాత, మీరు రాసిన పరిష్కారాలు మామూలు టెక్స్ట్ ఫైళ్లుగా సేవ్ అవుతాయి. ఇన్‌స్టాలర్ ఉన్న చోటే ఆ ఫోల్డర్‌కు కూడా ఒక కాపీ ఉంచండి. ఆటను మళ్లీ దించుకోవచ్చు, మీ ఆలోచనను దించుకోలేరు. ఇక తాళం లేదు కదా అని ఎవరికీ పంచకండి. ఒకరో, నలుగురో కలిసి చేసిన ఆటలివి. మనం కొన్న ప్రతి కాపీతో వాళ్లకు తర్వాతి ఆట చేసే ఓపిక వస్తుంది.

ఇప్పుడు అసలు పాఠంలోకి వెళ్దాం.

టీఐఎస్-100లో ఒక లెవెల్ తెరవగానే 12 పెట్టెలు కనిపిస్తాయి, అడ్డంగా 4, నిలువుగా 3. ఒక్కోదాన్ని నోడ్ అంటారు. ఒక్కో నోడ్‌లో 15 లైన్లకు మించి పట్టవు. సంఖ్యలు పెట్టుకోవడానికి రెండే చోట్లు: ఏసీసీ, బ్యాక్. లెక్కలన్నీ ఏసీసీలోనే జరుగుతాయి. బ్యాక్ అటక లాంటిది. అందులోకి దాచవచ్చు, ఏసీసీతో మార్చుకోవచ్చు, నేరుగా చదవడం మాత్రం కుదరదు. నోడ్‌లు పక్క నోడ్‌లతోనే మాట్లాడతాయి. ఇచ్చే నోడ్, తీసుకునే నోడ్ చెయ్యి చాచేదాకా కదలకుండా నిలబడుతుంది. తీసుకునే నోడ్ కూడా అంతే, ఇచ్చేదాకా ఆగుతుంది. చివరి లైను అయిపోగానే ప్రోగ్రామ్ దానంతటదే మొదటి లైనుకు వస్తుంది.

లెక్క ఇది. పైనుంచి సంఖ్యలు ఒక్కొక్కటిగా వస్తాయి. ప్రతి సంఖ్యనూ దానికి ముందు వచ్చిన సంఖ్యతో పోల్చాలి. పెరిగినా, తగ్గినా తేడా 10 లేదా అంతకన్నా ఎక్కువైతే 1, లేకపోతే 0 పంపాలి. మొదటి సంఖ్య ఎప్పుడూ 0. ఆటలో ఇలాంటి లెవెల్ ఒకటి ఉంది. సొంతంగా చేయాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, చేశాక తిరిగి రండి.

చాలామంది తిన్నగా కోడ్ రాయడం మొదలుపెట్టి, పదో లైను దగ్గర తికమకపడతారు. ముందు కాగితం మీద మాటల్లో రాయండి. ఏయే సంఖ్యలు ఒకేసారి బతికి ఉండాలి? పాతది కావాలి, కొత్తది కావాలి. తీసివేస్తే తేడా వస్తుంది, కానీ ఆ తర్వాత కూడా కొత్తది ఉండాలి, తర్వాతి విడతకు అదే పాతది కాబట్టి. అంటే కొత్త సంఖ్యతో రెండు పనులున్నాయి. ఒకటి తీసివేత, రెండోది దాచుకోవడం. ఒక్క కాపీతో రెండు పనులూ చేయాలని చూస్తేనే బ్యాక్‌తో గారడీలు చేయాల్సి వస్తుంది.

మరి రెండు కాపీలు ఉంటే? పై నోడ్‌కు ఆ ఒక్క పనే ఇద్దాం. కోడ్‌లో మూవ్ అంటే మొదట చెప్పిన చోటి సంఖ్యను రెండోచోటికి పంపడం, సబ్ అంటే ఏసీసీలోంచి తీసివేయడం; అప్, డౌన్ అంటే పైవైపు, కిందివైపు.

మూవ్ అప్, ఏసీసీ
మూవ్ ఏసీసీ, డౌన్
మూవ్ ఏసీసీ, డౌన్

వచ్చిన ప్రతి సంఖ్యనూ రెండుసార్లు కిందికి పంపుతుంది. దాని కింది నోడ్:

సబ్ అప్
మూవ్ ఏసీసీ, డౌన్
మూవ్ అప్, ఏసీసీ

ఈ మూడు లైన్ల మీద కాసేపు నిలబడండి. మొదలయ్యేటప్పుడు ఏసీసీలో పాత సంఖ్య ఉంది. మొదటి కాపీని అందులోంచి తీసివేశాం, తేడా వచ్చింది. దాన్ని కిందికి పంపాం. రెండో కాపీని ఏసీసీలో పెట్టుకున్నాం. లూప్ మళ్లీ పైకి వెళ్లేసరికి ఆ కొత్తదే పాతదైపోయింది. దాచుకోవడానికి వేరే చోటు అక్కర్లేకపోయింది, బ్యాక్ ముట్టుకోలేదు. నాకు ఇది మొదటిసారి తట్టినప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ ఆటలంటే నాకు అంత ప్రేమ ఇలాంటి క్షణాల వల్లే.

మూడో నోడ్ తేడా చూసి తీర్పు చెబుతుంది.

మూవ్ అప్, ఏసీసీ
జేజీజెడ్ చూడు
నెగ్
చూడు: సబ్ 9
జేజీజెడ్ ఒకటి
మూవ్ 0, డౌన్
జంప్ మొదలు
ఒకటి: మూవ్ 1, డౌన్

జేజీజెడ్ అంటే ఏసీసీ సున్నా కన్నా ఎక్కువైతే ఆ గుర్తు దగ్గరికి దూకమని. "మొదలు" అన్న గుర్తు మొదటి లైనుకు పెట్టుకోండి. తేడా ప్లస్ కాకపోతే నెగ్‌తో మైనస్‌ను ప్లస్‌గా మారుస్తాం. 10 కాకుండా 9 ఎందుకు తీసివేశామంటే, తేడా సరిగ్గా 10 అయినప్పుడు 1 మిగలాలి. 10 తీసివేస్తే సున్నా మిగిలి, జేజీజెడ్ దూకదు. ఇలాంటి ఒక్క అంకె తప్పుతో గంటలు పోతాయి, కాబట్టి సరిహద్దు సంఖ్యలను ఎప్పుడూ చేత్తో వేసి చూడండి.

0, 4, 20, 15, 3 వేద్దాం. తేడాలు 0, -4, -16, 5, 12. జవాబులు 0, 0, 1, 0, 1 రావాలి. స్టెప్ బటన్ నొక్కుతూ ఒక్కో అడుగూ నడిపించి, ప్రతి నోడ్ ఏసీసీలో ఏముందో చూడండి.

తప్పు జరిగితే ఎలా కనిపెట్టాలో కూడా చూద్దాం. పై నోడ్‌లో చివరి లైను కావాలనే తీసేసి నడపండి. ఇప్పుడు రెండో నోడ్ 0లోంచి 0 తీసివేసి, దాచుకోవడానికి 4 తీసుకుంటుంది. తర్వాత 20తో పోల్చి, 15 దాచుకుంటుంది. రెండు సంఖ్యలకు ఒక్క జవాబే వస్తోంది. జవాబుల విలువ తప్పైతే లెక్కలో పొరపాటు వెతకండి. జవాబుల సంఖ్య తగ్గితే నోడ్‌ల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాల్లో వెతకండి. ఏ జవాబూ రాకుండా అన్నీ బిగుసుకుపోతే, రెండు నోడ్‌లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తున్నాయి.

లెవెల్ పూర్తవగానే సైకిళ్లు (ప్రోగ్రామ్ నడవడానికి పట్టిన అడుగులు), నోడ్‌లు, లైన్ల లెక్కతో మిగతా ఆటగాళ్లతో పోల్చే గ్రాఫ్ వస్తుంది. పైన మనం రాసిన ప్రోగ్రామ్‌లో 3 నోడ్‌లు, 14 లైన్లు ఉన్నాయి. ఆ గ్రాఫ్ చూసి టెన్షన్ పడకండి. పనిచేసే పరిష్కారాన్ని అలాగే ఉంచి, మెరుగుపరచాలనిపిస్తే పక్క స్లాట్‌లో మొదలుపెట్టండి.

తర్వాతి పాఠానికి రెండు లెక్కలు. ఒకటి: 10 లేదా అంతకన్నా ఎక్కువ పెరిగినప్పుడు మాత్రమే 1 రావాలి, ఎంత తగ్గినా 0. పై ప్రోగ్రామ్‌లో ఒక్క లైను తీసేస్తే ఇది అయిపోతుంది. రెండోది: ప్రతి సంఖ్యనూ సరిగ్గా ముందుదానితో కాకుండా, ఆ ముందుదానికి కూడా ముందు వచ్చినదానితో పోల్చాలి. మొదటి రెండు సంఖ్యలూ 0 అనుకోండి. దీనికి మధ్య నోడ్‌లో ఒక్క లైను చేరిస్తే చాలు, బ్యాక్‌తో పని పడేది ఇక్కడే.